కోట్లు పోసి కొన్నవాళ్లు, 150 డాలర్లు కట్టి వచ్చినవాడు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా బాస్కెట్‌బాల్ మీదే, అందులోనూ అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాళ్లతో జట్లు బేరాలాడే సమయం) డబ్బు మీదే వచ్చాయి. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపేశాను.

ప్రశ్న: 2016 వేసవిలో ఎన్‌బీఏ జట్లు ఓ మోస్తరు ఆటగాళ్లకి కూడా కోట్లు కుమ్మరించాయని ఎక్కడ చూసినా ఉంటుంది. అంత డేటా, అంత మంది స్టాఫ్ ఉన్నవాళ్లకి అందరికీ ఒకేసారి మతి పోయిందా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: మతి సంగతి తర్వాత, ముందు అందరి జేబులూ ఒకేసారి నిండాయి. 2014 అక్టోబర్‌లో ఎన్‌బీఏ ఈఎస్‌పీఎన్, టర్నర్ సంస్థలతో తొమ్మిదేళ్లకి 2,400 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం చేసుకుంది, ఆ డబ్బు రావడం మొదలయ్యేది 2016-17 సీజన్ నుంచి. ఒక జట్టు జీతాలకి ఎంత పెట్టొచ్చో చెప్పే శాలరీ క్యాప్ ఈ లీగ్‌లో మొత్తం ఆదాయంలో ఆటగాళ్ల వాటాని బట్టి లెక్కకడతారు. దాంతో 2015-16లో 7 కోట్ల డాలర్లున్న క్యాప్ ఒక్క ఏడాదిలో 9.41 కోట్లకి ఎగిరింది. పెంపుని కొన్నేళ్ల మీద సర్దుదామని లీగ్ అడిగితే ఆటగాళ్ల సంఘం కుదరదంది.

ఇప్పుడు లెక్క వేయండి. ముప్ఫై జట్లు, ఒక్కోదానికి అదనంగా దాదాపు 2.4 కోట్ల డాలర్లు, మార్కెట్లో ఆ డబ్బుకి నిజంగా తగినవాళ్లేమో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పైగా అప్పట్లో ఇంకో మెలిక ఉండేది. ప్రతి జట్టూ క్యాప్‌లో కనీసం 90 శాతం జీతాలకి ఖర్చు పెట్టి తీరాల్సి వచ్చేది, తగ్గితే ఆ తేడాని ఉన్న ఆటగాళ్లకే పంచాల్సి వచ్చేది. అంటే చేయి బిగపట్టుకున్నా ఓనర్‌కి మిగిలేది లేదు. ఎటూ పోయే డబ్బే కదా అని అందరూ ఎగబడ్డారు.

లేకర్స్ సంగతే చూడండి. జులై 1 అర్ధరాత్రి దాటి ఫ్రీ ఏజెన్సీ గేట్లు తెరవగానే మొదట వినబడిన బేరం వాళ్లదే. సెంటర్ టిమోఫీ మోజ్‌గోవ్‌కి నాలుగేళ్లకి 6.4 కోట్ల డాలర్లు. అప్పటికి కొద్దిరోజుల ముందే క్లీవ్‌లాండ్‌తో టైటిల్ గెలిచాడు గానీ ఆ ఫైనల్స్‌లో ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు. తర్వాత లువోల్ డెంగ్‌కి 7.2 కోట్లు. సరిగ్గా ఏడాదికి మోజ్‌గోవ్ కాంట్రాక్ట్ వదిలించుకోవడానికి 2015 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) రెండో నంబర్‌గా తెచ్చుకున్న డి'ఆంజెలో రసెల్‌ని కూడా జతచేసి బ్రూక్లిన్‌కి పంపాల్సి వచ్చింది. డెంగ్ రెండు సీజన్లలో కలిపి 57 మ్యాచులాడాడు, రెండో సీజన్‌లో అయితే ఒక్కటే. 2018లో అతన్ని పంపించేసినా మిగిలిన జీతాన్ని ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నారు. న్యూయార్క్ నిక్స్ యోకిమ్ నోవాకి 7.2 కోట్లు ఇచ్చి 53 మ్యాచులు ఆడించుకుంది. మెంఫిస్ చాండ్లర్ పార్సన్స్‌కి 9.4 కోట్లు రాసిచ్చేనాటికే అతని మోకాలికి రెండుసార్లు సర్జరీ అయ్యింది. మూడు సీజన్లలో 95 మ్యాచులు.

వీళ్ల ధరని నేను పెద్దగా తప్పుపట్టను, ఆ ఏడాది మార్కెట్ అలాగే ఉంది. నేను తప్పుపట్టేది ఏళ్లని. డెంగ్‌కీ నోవాకీ అప్పటికే 31 నిండాయి. డబ్బు ఎటూ పెట్టక తప్పనప్పుడు ఒక్క ఏడాదికి ఎక్కువిచ్చి ఊరుకుంటే వచ్చే వేసవికి మళ్లీ చేతులు ఖాళీగా ఉండేవి. అందరూ నాలుగేళ్లు రాసిచ్చారు, ఎందుకంటే పక్క జట్టు నాలుగేళ్లు ఇస్తానంటోంది కాబట్టి. అదే వారంలో గోల్డెన్ స్టేట్ మాత్రం కెవిన్ డ్యురాంట్‌ని తెచ్చుకుంది. చీలమండ గాయాల రోజుల్లో 2012లో నాలుగేళ్లకి 4.4 కోట్లకే సంతకం చేసిన వాళ్ల స్టార్ స్టీఫెన్ కర్రీ కాంట్రాక్ట్ వాళ్ల చేతిలో ఉండటం, పైన క్యాప్ ఎగరడం, రెండూ కలిసొచ్చాయి.

ప్రశ్న: ఐపీఎల్‌లోలాగా వేలం పెడితే ఎవరి అసలు ధర ఎంతో తేలిపోతుంది కదా. ఎన్‌బీఏ ఎందుకు పెట్టదు? (రాజమండ్రి)

జవాబు: అక్కడ ఫ్రీ ఏజెంట్ అంటే ఎక్కడికెళ్లాలో తనే నిర్ణయించుకునే మనిషి. జట్లు అతని దగ్గరికి వస్తాయి, అతను బల్ల మీద నిలబడడు. సిరాజ్‌ని 2017లో 20 లక్షల బేస్ ప్రైస్ నుంచి సన్‌రైజర్స్ 2.6 కోట్ల దాకా పాడుకుపోయింది చూశాం కదా, అలా ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోవడానికి ఎన్‌బీఏలో పైన సీలింగ్ ఉంది. లీగ్‌లో ఎన్నేళ్లు ఆడాడన్నదాన్ని బట్టి ఒక ఆటగాడి గరిష్ఠ జీతం క్యాప్‌లో 25, 30, లేదా 35 శాతం. లెబ్రాన్ జేమ్స్ అయినా సరే, కొత్త కాంట్రాక్ట్ మొదటి ఏడాదిలో అంతకు మించి అడగలేడు.

దీనివల్ల జరిగేదేంటంటే, అందరికన్నా పైనున్న నలుగురైదుగురికి వాళ్ల అసలు విలువకన్నా బాగా తక్కువే ముడుతుంది. అడుగున కనీస జీతం ఎంతో లీగే రాసిపెట్టింది. ఇక పాట సాగేది మధ్యలో ఉన్నవాళ్ల మీదే. స్టార్‌కి ఇవ్వలేకపోయిన డబ్బంతా వాళ్ల మీద పడుతుంది, అందుకే ఫ్రీ ఏజెన్సీలో చేతులు కాలేది దాదాపు ఎప్పుడూ మూడో నాలుగో స్థాయి ఆటగాడి దగ్గరే. మెంఫిస్ తన అసలు స్టార్ మైక్ కాన్లీకి అదే వేసవిలో 15.3 కోట్లు ఇస్తే అప్పట్లో అందరూ నోళ్లు నొక్కుకున్నారు. తీరా చూస్తే వాళ్లని ముంచింది కాన్లీ కాంట్రాక్ట్ కాదు, పార్సన్స్‌ది.

ప్రశ్న: జి-లీగ్, డి-లీగ్, టూ-వే, పది రోజుల కాంట్రాక్ట్... ఇవన్నీ కలగాపులగంగా వినిపిస్తాయి. అక్కడి ఆటగాళ్లకి అసలు ఎంతిస్తారు? వాళ్లు ఎవరి సొత్తు? (వరంగల్, గుంటూరు నుంచి ఇద్దరు)

జవాబు: డి-లీగ్, జి-లీగ్ రెండూ ఒకటే, ఎన్‌బీఏ కింద నడిచే చిన్న లీగ్. 2001లో ఎనిమిది జట్లతో మొదలైంది, 2017లో గేటరేడ్ స్పాన్సర్‌గా వచ్చాక పేరు జి-లీగ్ అయ్యింది. ఇప్పుడు దాదాపు ప్రతి ఎన్‌బీఏ జట్టుకీ కింద ఒక జి-లీగ్ జట్టుంది.

డబ్బు సంగతి వింటే జాలేస్తుంది. 2018-19లో మామూలు జి-లీగ్ జీతాన్ని 35 వేల డాలర్లకి పెంచితే అదే పెద్ద వార్త. అంతకుముందు సీజన్ మొత్తానికి 30 వేలలోపే. చైనాకో యూరప్‌కో వెళ్తే దానికి ఎన్నో రెట్లు వస్తుంది, ఇక్కడుంటే మాత్రం ఎన్‌బీఏ నుంచి ఫోన్ వస్తే మర్నాడు విమానం ఎక్కొచ్చు. ఆ ఒక్క ఫోన్ కోసం చాలామంది ఇంట్లో నచ్చజెప్పుకుని ఉండిపోయేవాళ్లు. 2017-18 నుంచి టూ-వే కాంట్రాక్టులు వచ్చాయి. ఒకే ఆటగాడు పైజట్టుకీ కిందజట్టుకీ మధ్య తిరుగుతాడు, కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం ఇస్తారు, ఇప్పుడు జట్టుకి ముగ్గురి దాకా పెట్టుకోవచ్చు. 2024-25లో ఆ జీతం దాదాపు 5.78 లక్షల డాలర్లు. అదే జట్టులో, అదే లాకర్ రూమ్‌లో పక్కన కూర్చున్న మామూలు జి-లీగ్ వాడికి 43 వేలు. ఇద్దరి ఆటకీ మధ్య అంత తేడా ఏమీ ఉండదు, చాలా రాత్రులు ఆ 43 వేల వాడే బాగా ఆడతాడు.

ఎవరి సొత్తు అన్నది మంచి ప్రశ్న, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. టూ-వే ఆటగాడు ఆ ఎన్‌బీఏ జట్టువాడే. మామూలు జి-లీగ్ కాంట్రాక్ట్ మీద ఉన్నవాడు మాత్రం ఎన్‌బీఏ లెక్కలో ఎవరి వాడూ కాదు. మీ కోచ్‌లు నేర్పి, మీ ట్రెయినర్లు ఒళ్లు సరిచేసి, మీ జిమ్‌లో షూటింగ్ బాగు చేసిన కుర్రాణ్ని రేపు పొద్దున ఏ జట్టయినా వచ్చి తీసుకుపోవచ్చు. జనవరి 5 నుంచి పది రోజుల కాంట్రాక్టులు మొదలవుతాయి, ఒకే జట్టు ఒక ఆటగాడికి ఒక సీజన్‌లో రెండుసార్ల దాకా ఇవ్వొచ్చు. నచ్చితే ఉంచుకోవాలి, లేదంటే పంపేయాలి.

ఇక జోనథన్ సిమన్స్ గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. హ్యూస్టన్ కుర్రాడు, కాలేజీ తర్వాత డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. 2013లో స్పర్స్ కిందిజట్టు ఆస్టిన్ టోరోస్ ఓపెన్ ట్రయల్స్ పెడితే 150 డాలర్ల ఫీజు కట్టి వెళ్లాడు. అలాంటి ట్రయల్స్‌కి వచ్చేవాళ్లలో సగం మంది సరదాకి వస్తారు. ఇతను ఎంపికై రెండు సీజన్లు అక్కడే ఆడాడు, 2015లో స్పర్స్ కాంట్రాక్ట్ ఇచ్చింది, 2017లో ఓర్లాండో మూడేళ్లకి 1.8 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుంది.

ప్రశ్న: జి-లీగ్‌లో మ్యాచ్‌కి 28, 30 పాయింట్లు కొట్టేవాళ్లని వదిలేసి 10 పాయింట్లు కొట్టేవాణ్ని పైకి తీసుకెళ్తారు. ఇందులో లాజిక్ ఏంటి? ఏం చూసి ఏరుతున్నారు? (తిరుపతి)

జవాబు: పైజట్టులో ఖాళీగా ఉన్న పని ఏంటో చూసి ఏరతారు. 30 పాయింట్లు కొట్టే పని అక్కడ ఖాళీ ఉండదు, దానికి ఏడాదికి నాలుగు కోట్లు తీసుకునే మనిషి ముందే ఉన్నాడు. ఖాళీగా ఉండేది తొమ్మిదో మనిషి ఉద్యోగం. మూలన నిలబడాలి, బంతి వస్తే త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేయాలి, రాకపోతే మొహం మాడ్చుకోకూడదు, అవతలి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైనవాణ్ని కాపలా కాయాలి. అలెక్స్ కరూసో ఈ మాటే ఓ పాడ్‌కాస్ట్‌లో ఇంకాస్త ముతగ్గా చెప్పాడు: జి-లీగ్‌లో చాలామంది సీఎఫ్‌ఓ పోస్టుకి ఇంటర్వ్యూ ఇస్తున్నట్టు ఆడతారు, కంపెనీ మాత్రం బాత్రూములు కడిగేవాడి కోసం చూస్తోంది అని. కరూసోని 2016 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఓక్లహోమా సిటీ బ్లూలో ఓ సీజన్ ఆడి, 2017లో లేకర్స్ టూ-వే కాంట్రాక్ట్‌తో వెళ్లి, 2020 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో స్టార్టింగ్ ఫైవ్‌లో దిగాడు.

అంకెలు కూడా ఉన్నవి ఉన్నట్టు నమ్మడానికి లేదు. అక్కడ ఆట వేగం ఎక్కువ, డిఫెన్స్ పల్చన. 2013-14లో హ్యూస్టన్ రాకెట్స్ కిందిజట్టు రియో గ్రాండ్ వ్యాలీ వైపర్స్ మ్యాచ్‌కి దాదాపు 45 త్రీలు వేసేది, ఎన్‌బీఏలో అప్పటికి ఎవరూ దాని దరిదాపుల్లో లేరు. రాకెట్స్ తమ ఐడియాలని ముందు అక్కడ పరీక్షించి చూసుకునేది, నాలుగేళ్ల తర్వాత అదే ఆటని పైజట్టులో దింపింది. అలాంటి చోట ఒకడు మ్యాచ్‌కి 23 పాయింట్లు కొట్టాడంటే అందులో అతని వాటా ఎంత, ఆ పద్ధతి వాటా ఎంత అని విడదీయాలి.

ఆ 23 పాయింట్ల మనిషి రాబర్ట్ కవింగ్టన్. ఆ సీజన్‌లో డి-లీగ్ రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే కొత్తవాళ్లలో మేటి. తయారుచేసింది హ్యూస్టన్, కానీ 2014 అక్టోబర్‌లో తనే వదిలేసింది, గెలవాల్సిన జట్టు కాబట్టి అతనికివ్వడానికి నిమిషాలు లేవు. నవంబర్‌లో ఫిలడెల్ఫియా తీసుకుంది. ఆ ఏడాది ఫిలడెల్ఫియా 82 మ్యాచుల్లో 18 గెలిచింది, అంటే వాళ్ల దగ్గర నిమిషాలే నిమిషాలు. కవింగ్టన్ తప్పులు చేసినా కోర్టు మీదే ఉంచారు. షూటర్‌గా వచ్చినవాడు 2018కి లీగ్ ఆల్-డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్‌లో ఉన్నాడు. ఇది ఏ స్కౌట్ రిపోర్టులోనూ ముందే రాసి ఉండదు. నన్నడిగితే, కనిపెట్టాం కనిపెట్టాం అని జట్లు చెప్పుకునే కథల్లో కన్ను పాత్రకన్నా ఓపిక పాత్ర ఎక్కువ. ఆటగాడు అందరికీ కనిపిస్తూనే ఉంటాడు. వాడికి ఒక పని, ఆ పని నేర్చుకునేదాకా చోటు, రెండూ ఇవ్వగలిగేది ఎవరన్నదే తేడా.

డానీ గ్రీన్‌ని తీసుకోండి. క్లీవ్‌లాండ్ వదిలేసింది, స్పర్స్ తీసుకుని వారం తిరగకుండా వదిలేసింది, రీనో వెళ్లి డి-లీగ్ ఆడాడు, మళ్లీ స్పర్స్ పిలిచింది. 2013 ఫైనల్స్‌లో 27 త్రీలు కొట్టి రే అలెన్ రికార్డు బద్దలుకొట్టినవాడు ఇతనే. మూడు వేర్వేరు జట్లతో మూడు టైటిళ్లు. తప్పు చేస్తే పోయేది కూడా చూడండి. మోజ్‌గోవ్ విషయంలో తప్పు చేస్తే 6.4 కోట్లు, పైన ఒక యువ ఆటగాడు. పది రోజుల కుర్రాడి విషయంలో తప్పు చేస్తే పది రోజులు. ఇంత చవకగా పడుతున్నప్పుడు ఏడాదికి పదిమందిని చూడొచ్చు, తొమ్మిదిమంది పనికిరాకపోయినా ఎవరి ఉద్యోగమూ పోదు.

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం. కామెరికా సెంటర్ ఇంటికి దగ్గరే, పిల్లలతో టెక్సస్ లెజెండ్స్ మ్యాచులకి వెళ్తుంటాం, ఇంటర్వెల్‌లో చుట్టూ తెలుగే వినిపిస్తుంది! రేపు పైకి వెళ్లేవాణ్ని ముందే ఎలా గుర్తుపట్టాలి? (టెక్సస్)

జవాబు: మీరు అదృష్టవంతులు. డల్లాస్ మావరిక్స్ టికెట్ ధరకి అక్కడ కుటుంబమంతా కోర్టుకి దగ్గరగా కూర్చోవచ్చు, కోచ్ అరిచేది కూడా వినబడుతుంది. ఆ దగ్గరితనాన్నే వాడుకోండి. ఓ ఐదు నిమిషాలు బంతిని చూడటం మానేసి ఒకే ఆటగాణ్ని చూడండి. వేసిన షాట్ తప్పితే అతను ఏం చేస్తాడు? వెనక్కి పరిగెడతాడా, రిఫరీకేసి చేతులు చాపుతాడా? డిఫెన్స్‌లో నోరు విప్పుతాడా? వెనక నుంచి స్క్రీన్ వస్తోందని పక్కవాడికి అరిచి చెప్పేవాణ్ని కోచ్‌లు వదులుకోరు. కార్నర్ నుంచి త్రీ వేసేటప్పుడు కాళ్లు ముందే సిద్ధంగా ఉన్నాయా, బంతి అందాక సర్దుకుంటున్నాడా అన్నది కూడా చూడండి, పైస్థాయిలో ఆ సర్దుకునే టైమ్ ఉండదు.

ఇంకోటి, ఒక వింత రూల్ ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పండి. జి-లీగ్‌లో చివరి రెండు నిమిషాలు తప్పిస్తే ఫౌల్‌కి ఒకే ఫ్రీ త్రో ఇస్తారు, అది పడితే రెండు పాయింట్లో, మూడో, ఎన్ని రావాలో అన్నీ వస్తాయి. ఆట త్వరగా అవ్వాలని. స్కోర్‌బోర్డ్ ఒక్కసారిగా గెంతితే కంగారు పడొద్దు.

ప్రశ్న: అంత చవగ్గా దొరికినవాళ్లకే మళ్లీ కోట్లు పెట్టాల్సి వస్తోంది కదా, మయామీ అలాగే ఇరుక్కోలేదా? అయితే లాభం ఎవరికి? (విశాఖపట్నం)

జవాబు: ఇరుక్కుంది, మొదట్లో గట్టిగానే. దీనికి కారణం ఒక రూల్. ఒక జట్టుతో మూడు సీజన్లు నిండినవాణ్ని క్యాప్ దాటి కూడా అట్టిపెట్టుకోవచ్చు, వీటినే బర్డ్ హక్కులంటారు. కింది లీగ్ నుంచి తెచ్చినవాళ్లకి సాధారణంగా ఒకటి రెండేళ్ల చిన్న కాంట్రాక్టే ఇస్తారు, తీరా వాడు వెలిగే సమయానికి మీ చేతిలో ఆ హక్కు ఉండదు.

హసన్ వైట్‌సైడ్ అలాంటివాడే. డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్, తర్వాత డి-లీగ్, లెబనాన్, చైనా తిరిగి 2014 నవంబర్‌లో కనీస జీతానికి మయామీ వచ్చాడు. రెండు నెలలకే చికాగో మీద 14 పాయింట్లు, 13 రిబౌండ్లు, 12 బ్లాకులు, అదీ బెంచీ మీంచి వచ్చి. బ్లాకులు డబుల్ డిజిట్ దాటడం అంటే మాటలు కాదు. 2016కి రెండేళ్లే నిండాయి కాబట్టి నాలుగేళ్లకి 9.8 కోట్లని క్యాప్ ఖాళీలోంచే ఇవ్వాల్సి వచ్చింది. అదే వేసవిలో డ్వేన్ వేడ్ బేరం కుదరక చికాగో వెళ్లిపోయాడు, 13 ఏళ్ల తర్వాత. వైట్‌సైడ్ ఒక్కడే దానికి కారణమని అనను, కానీ క్యాప్‌లో ఖాళీ చోటు అంటే ఒకరికిస్తే ఇంకొకరికి తగ్గేదే.

టైలర్ జాన్సన్ కథ ఇంకా చమత్కారం. డ్రాఫ్ట్ కాని కుర్రాడు, మయామీ కిందిజట్టు సూ ఫాల్స్ స్కైఫోర్స్‌లో ఆడి పైకొచ్చాడు. బ్రూక్లిన్ అతనికి నాలుగేళ్లకి 5 కోట్ల ఆఫర్ షీట్ (పాత జట్టు అంతే ఇస్తానంటే అట్టిపెట్టుకోగలిగే ఆఫర్) రాసింది, అందులో మొదటి రెండేళ్లు ఏడాదికి 60 లక్షలలోపే, తర్వాత రెండేళ్లు ఏకంగా 1.9 కోట్ల చొప్పున. పాత జట్టు చేతులెత్తేయాలనే అలా రాస్తారు. 2012లో హ్యూస్టన్ ఇదే మందు నిక్స్ మీద జెరెమీ లిన్ విషయంలో వేసింది, నిక్స్ వదిలేసుకుంది. లిన్ అంతకుముందు జనవరిలోనే ఎరీలో డి-లీగ్ మ్యాచ్ ఆడొచ్చినవాడు, ఫిబ్రవరిలో లేకర్స్ మీద 38 కొట్టి ప్రపంచమంతా మోగిపోయాడు, జులైకి చేజారిపోయాడు. మయామీ మాత్రం జాన్సన్‌కి సరేనంది, మూడో ఏడాది ఆ పెద్ద జీతం మొదలయ్యాక ఫీనిక్స్‌కి ట్రేడ్ చేసింది.

డంకన్ రాబిన్సన్ దగ్గరికొచ్చేసరికి లెక్క కుదిరింది. డివిజన్ 3 కాలేజీలో మొదలుపెట్టి మిషిగన్ వెళ్లి, డ్రాఫ్ట్ కాక, 2018లో టూ-వేతో మయామీ వచ్చాడు. 2020-21లో కూడా అతని జీతం 17 లక్షల డాలర్లలోపే. మూడేళ్లు నిండాయి, బర్డ్ హక్కులు ఉన్నాయి, 2021లో ఐదేళ్లకి 9 కోట్లు ఇచ్చారు. డ్రాఫ్ట్ కాని ఆటగాడికి అప్పటికి అదే అతిపెద్ద కాంట్రాక్ట్. ఎక్కువిచ్చారని చాలామంది అన్నారు, నేనూ కొంచెం ఎక్కువేనంటాను. కానీ ముందు మూడేళ్లు ఉత్తపుణ్యానికి ఆడించుకున్న సంగతి కూడా కలిపి చూడాలి. 2023 ఫైనల్స్‌కి వెళ్లిన మయామీలో రాబిన్సన్‌తో పాటు మాక్స్ స్ట్రూస్, గేబ్ విన్సెంట్, కేలబ్ మార్టిన్ అందరూ డ్రాఫ్ట్ కానివాళ్లే. ఆ వేసవిలోనే స్ట్రూస్ క్లీవ్‌లాండ్‌కి, విన్సెంట్ లేకర్స్‌కి వెళ్లిపోయారు. మయామీ ఆపలేదు. మళ్లీ స్కైఫోర్స్‌లోంచి ఇంకొకణ్ని తేగలమని నమ్మకం ఉన్నవాళ్లే అలా వదలగలరు.

వదలకూడని చోట వదిలితే లేకర్స్‌లా అవుతుంది. 2021లో కరూసోకి చికాగో నాలుగేళ్లకి 3.7 కోట్లు ఇచ్చింది, లగ్జరీ ట్యాక్స్ (జీతాలు ఒక హద్దు దాటితే జట్టు లీగ్‌కి కట్టేది) లెక్క చూసుకుని లేకర్స్ వెనక్కి తగ్గింది. తర్వాత అతను ఓక్లహోమా సిటీకి చేరాడు. 2025లో ఓక్లహోమా సిటీ డెన్వర్‌తో ఏడో మ్యాచ్ ఆడుతుంటే 6 అడుగుల 5 అంగుళాల కరూసోని తీసుకెళ్లి దాదాపు ఏడడుగుల నికోలా యోకిచ్ మీద కాపలా పెట్టారు. యోకిచ్‌కి బంతి అందడమే గగనమైపోయింది, ఓక్లహోమా ఆ సిరీస్ గెలిచి టైటిల్ కూడా కొట్టింది. ఆ జట్టులో లూ డోర్ట్ కూడా డ్రాఫ్ట్ కాకుండా టూ-వేతో మొదలైనవాడే, హార్టెన్‌స్టైన్ వైపర్స్‌లో పండినవాడు. డోర్ట్‌కి 8.75 కోట్లు, హార్టెన్‌స్టైన్‌కి 8.7 కోట్లు ఇచ్చారు, ఏడవకుండానే ఇచ్చారు.

ప్రశ్న: కొత్త టీవీ ఒప్పందం 2025-26 నుంచి మొదలైంది. మళ్లీ 2016 చూస్తామా? (కర్నూలు)

జవాబు: చూడం. ఈసారి టీవీ డబ్బు 11 ఏళ్లకి 7,600 కోట్ల డాలర్ల పైమాటే, కానీ లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023లో కుదిరిన ఒప్పందంలో క్యాప్ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదని రాసుకున్నారు. 2024-25లో 14.06 కోట్లు, 2025-26లో 15.46 కోట్లు, సరిగ్గా ఆ పది శాతం. పైగా సెకండ్ ఏప్రన్ అని ఇంకో గీత గీశారు, 2025-26కి అది 20.78 కోట్లు. దాటినవాళ్లకి మిడ్-లెవెల్ కాంట్రాక్ట్ (క్యాప్ దాటిన జట్టు కూడా బయటివాడికి ఇవ్వగలిగే మధ్యస్థాయి జీతం) ఇచ్చే వీలుండదు, ట్రేడ్‌లో ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒకణ్ని తెచ్చుకోవడమూ కుదరదు. ముగ్గురు స్టార్లున్న జట్టుకి ఇక మిగిలే దారి కనీస జీతం, టూ-వే. జి-లీగ్ మ్యాచుల్లో సూట్లు వేసుకుని నోట్‌బుక్కులతో కూర్చునేవాళ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: ఈ దారిలో మనవాళ్లెవరైనా పైకెళ్లారా? (నెల్లూరు, ఇంటర్ విద్యార్థి)

జవాబు: భారత మూలాలున్నవాళ్లలో మొదట ఎన్‌బీఏ కోర్టు మీద అడుగుపెట్టింది సిమ్ భుల్లర్, కెనడాలో పుట్టిన 7 అడుగుల 5 అంగుళాల కుర్రాడు. డి-లీగ్‌లో రీనో బిగ్‌హార్న్స్‌కి ఆడుతుంటే 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో పిలిచింది, మూడు మ్యాచులాడాడు. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో పంజాబ్‌లోని బల్లో కే ఊరివాడు సత్నామ్ సింగ్‌ని డల్లాస్ 52వ నంబర్‌గా తీసుకుంది, భారతదేశం నుంచి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు. అతను ఆడింది పైన ఫ్రిస్కో పాఠకుడు చెప్పిన టెక్సస్ లెజెండ్స్‌కే, ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. అతను వచ్చిన ఏళ్లలోనే లీగ్ త్రీలవైపు పరుగెత్తింది, పోస్ట్‌లో, అంటే బుట్ట దగ్గర, నిలబడి ఆడే 7 అడుగుల 2 అంగుళాల మనిషికి చోటు తగ్గిపోయింది. ప్రిన్స్‌పాల్ సింగ్ 2020-21లో జి-లీగ్ ఇగ్నైట్ జట్టులో ఆడి, 2021లో సమ్మర్ లీగ్ గెలిచిన శాక్రమెంటో జట్టులో ఉన్నాడు. నువ్వు ఎత్తు ఎంతో రాయలేదు బాబూ. 6 అడుగులు ఉన్నా కార్నర్ త్రీ, డిఫెన్స్ రెండూ పట్టుకో, మిగతాది మళ్లీ ఉత్తరంలో మాట్లాడుకుందాం.